లోన్లన్న పుస్తకం పట్టాడు

ఇబ్రహీంపట్నంలో ప్లాటు కొన్నవాడికీ, కొనబోయేవాడికీ, కొనలేక సాగర్ రోడ్డు పొడుగునా వెంచర్ల బోర్డులు చదువుకుంటూ పోయేవాడికీ లోన్లన్న తెలుసు. అసలు పేరు ఆధార్ కార్డుకు తెలుసు, వాళ్లమ్మకు తెలుసు. మిగతా లోకం ఫోన్లలో ‘లోన్లన్న’ అనే సేవ్ అయి ఉంటాడు. చంకలో ఫైలు, జేబులో రెండు పెన్నులు: ఒకటి సంతకాలకు, ఒకటి పోగొట్టుకోవడానికి. ఎదురుపడితే బాగున్నావా అని అడగడు. “సిబిల్ ఎంతుందన్నా?” అంటాడు. 750 దాటిందంటే మన పిల్లల చదువులు కూడా కనుక్కుంటాడు. 600 అంటే చాయ్ పైసలు మనతోనే ఇప్పిస్తాడు.

పని రానివాడు కాదు. సర్వే నంబరు చెప్తే చాలు, అది పెద్దచెరువు ఎఫ్‌టీఎల్‌లో పడుతుందో లేదో, లేఅవుటు హెచ్ఎండీఏదో గ్రామపంచాయతీదో, బ్యాంకు వకీలు ఏ లింకు డాక్యుమెంటు దగ్గర ముఖం చిట్లిస్తాడో అక్కడికక్కడే చెప్పేస్తాడు. 30 లక్షల లోపు ఇంటి లోనైతే విలువలో 90 శాతం దాకా, 75 లక్షల దాకా 80, అది దాటితే 75 అన్న రిజర్వు బ్యాంకు లెక్క వాడికి నిద్రలో లేపి అడిగినా వస్తుంది. ఫైలు లాగిన్ అయిననాడు మనిషి నడుస్తాడు, శాంక్షన్ అయిననాడు బండెక్కుతాడు, డిస్బర్స్ అయి కమీషన్ పడ్డనాడు ఎవరి ఫోనూ ఎత్తడు.

ఇన్నేళ్లలో ఇవన్నీ నీకెట్లా తెలుసని వాడికి ఒక్కరూ పరీక్ష పెట్టలేదు. మన దగ్గర ఇంటి లోను ఇప్పించేవాడికి లైసెన్సు పరీక్ష లేదు. ఇప్పించిన లోను వసూలు చేసేవాడికి ఉంది. అమెరికాలో ఇళ్ల అప్పులు కుప్పకూలుతున్న 2008లో ‘సేఫ్’ చట్టం తెచ్చి, బ్యాంకు జీతగాళ్లు తప్ప అప్పు ఇప్పించే ప్రతివాడూ 20 గంటలు పాఠం విని, పరీక్షలో 75 శాతం తెచ్చుకోవాల్సిందేనన్నారు. అదే 2008లో మన రిజర్వు బ్యాంకు వసూలు ఏజెంట్లకు శిక్షణ, సర్టిఫికెట్ ఉండాలంది. వాళ్లకు అప్పు పుట్టేచోట భయం, మనకు అప్పు చచ్చేచోట. నాకైతే వాళ్ల పద్ధతే నచ్చింది గానీ, ఆ మాట లోన్లన్న దగ్గర అనే ధైర్యం లేదు.

ఎందుకంటే ఈ మధ్య ఫైళ్లు కదలక, వసూళ్ల వైపు కూడా ఒక కాలు వేద్దామని లోన్లన్న ఆ వసూలు ఏజెంట్ల పరీక్షకే, అంటే డీఆర్ఏకే, కూర్చున్నాడు. పెట్టేది ముంబైలోని బ్యాంకింగ్ సంస్థ ఐఐబీఎఫ్. 100 మార్కులకు 50 వస్తే పాసు. ముందు మాత్రం శిక్షణ తప్పదు: మామూలుగా 100 గంటలు, డిగ్రీ ఉంటే 50. శేరిగూడ చుట్టూ ఉన్న ఇంజినీరింగ్ కాలేజీల్లో ఒకదాంట్లో లోన్లన్న బీటెక్ చేశాడు. “నాలుగేండ్లు సదివితివి, ఏమొచ్చిందిరా?” అని వాళ్ల నాయన అప్పటి నుంచీ అడుగుతూనే ఉన్నాడు. ఇన్నాళ్లకు జవాబు దొరికింది.

“యాభై గంటలు మిగిలినయ్ నాయినా.”

చదువు బస్ డిపో దగ్గరి చాయ్ హోటల్లో. పుస్తకం కనబడకుండా పైన వెంచర్ బ్రోచర్ అట్ట. ఎవరైనా గిరాకీ వస్తే అట్ట చూపిస్తాడు, పోగానే లోపలికి దూరతాడు. కిస్తీ 90 రోజులు దాటితే ఎన్పీఏ అన్న పేజీ దగ్గర వాడికి జ్ఞానోదయమైంది. హోటలాయన ఖాతా సంగతి ఎత్తితే, “ఇంక రెండు నెల్లే అయిందన్నా, రూల్ ప్రకారం నేను మంచి కస్టమర్నే” అన్నాడు.

“ఆ రూల్ రాసినోడు చాయ్ హోటల్ నడిపిండా?” అన్నాడు హోటలాయన, గ్లాసు అందిస్తున్న చెయ్యి వెనక్కి లాక్కుంటూ.

ఇంట్లో బిట్లు అడిగే పని భార్యది. ఎన్పీఏ అయ్యి ఏడాది దాకా సబ్‌స్టాండర్డ్, ఆ తర్వాత డౌట్‌ఫుల్, ఇక రాదని తేలిపోతే లాస్ అని వాడు అప్పజెప్పగానే ఆమె పుస్తకం కొంచెం కిందికి దించింది.

“మా తమ్మునికిచ్చిన యాభై వేలు దేంట్లకొస్తయ్?”

“డౌట్‌ఫుల్. ఏడాది దాటలే?”

“మరి మీ అన్నకిచ్చిన లక్ష?”

లోన్లన్న నీళ్లు తాగాడు. “అది సిలబస్‌ల లేదు.”

వాడికి గట్టి దెబ్బ మర్యాదల పాఠం. బాకీ ఉన్నవాణ్ని పొద్దున 8కి ముందు, రాత్రి 7 తర్వాత ఫోన్ చేసి విసిగించకూడదు. తిట్టకూడదు, బెదిరించకూడదు, చుట్టాల ముందు పరువు తియ్యకూడదు. లోను అంటగట్టే రోజుల్లో ఆదివారం రాత్రి పదింటికి ఫోన్ చేసి “పడుకున్నవా అన్నా, ఒక్క సంతకం” అన్నవాడు, ఇప్పుడు బాత్రూం అద్దం ముందు “నమస్కారం సార్, మీకు వీలున్నప్పుడే మాట్లాడుదాం సార్” అని గొంతు సవరించుకుంటున్నాడు. బయట మంచం మీద పండుకున్న నాయన ఉలిక్కిపడి లేచాడు. “ఎవరొచ్చిన్రే? పిల్లనడగొచ్చిన్రా?”

పరీక్ష ముందురోజు రాత్రి ఏడూ ఇరవైకి లోన్లన్న ఫోన్ మోగింది. ఫైళ్లు కదలని నెలల్లో వాడి బండి కిస్తీ బౌన్సయింది. అవతల కుర్రవాడు ఇంకా పేరు కూడా చెప్పలేదు, లోన్లన్న అందుకున్నాడు.

“టైమెంతయింది తమ్మీ? ఏడు దాటినంక వసూలు ఫోన్ చెయ్యొద్దు, తెల్వదా? నీ ఐడీ ఏది? ఏజెన్సీ పేరేంది? బ్యాంకు ఇచ్చిన లెటర్ ఉందా నీ తాన?”

అవతల కాసేపు చప్పుడు లేదు.

“సారీ అన్నా, తప్పయింది,” అన్నాడు కుర్రవాడు. “మీకు గింత మంచిగెట్ల తెలుసన్నా? పుస్తకముంటే ఫొటోలు కొట్టి పంపున్రి, రేపు నాగ్గూడ ఎగ్జామే.”