వెబ్.ఎక్స్‌ఎంఎల్ చదివేవాళ్లేరీ?

ఏమోయ్ కుర్రాడా, సర్వర్ మార్చాం, అప్లికేషన్ లేవట్లేదని ఇప్పుడు గగ్గోలు పెడతావేం? నేమ్‌నాట్‌ఫౌండ్‌ఎక్సెప్షన్ అని లాగ్ మొత్తుకుంటోంది కదా, కాస్త చదవరాదూ? చదవరు. మా రోజుల్లో చదివేవాళ్లం. అమీర్‌పేటలో జిరాక్సు నోట్సు చంకన పెట్టుకు తిరిగినవాళ్లం, డిప్లాయర్ అనేవాడి పనేమిటో జే2ఈఈ స్పెసిఫికేషన్‌లో రాసుంటే అక్షరం అక్షరం నమ్మినవాళ్లం.

ఆ పని చిన్నదే. కోడ్ రాసేవాడు జావా:కాంప్/ఎన్వ్/జేడీబీసీ/ఆర్డర్స్ అని అడుగుతాడు, వెబ్.ఎక్స్‌ఎంఎల్‌లో రిసోర్స్-రెఫ్ కింద ఆ పేరు రాసి ఊరుకుంటాడు. డేటాబేస్ ఎక్కడుందో వాడికనవసరం. దాన్ని అసలు డేటాసోర్సుకి ముడివేసేది డిప్లాయర్. వెబ్‌లాజిక్ అయితే వెబ్‌లాజిక్.ఎక్స్‌ఎంఎల్‌లో, జేబాస్ అయితే జేబాస్-వెబ్.ఎక్స్‌ఎంఎల్‌లో. వెబ్‌స్ఫియర్ అయితే ఇన్‌స్టాల్ చేస్తున్నప్పుడే అడిగేది, ఈ రెఫరెన్సుని ఏ రిసోర్సుకి కట్టమంటావని. ఊరు మారితే రేషన్ కార్డులో అడ్రసు మార్పించుకుంటాం గానీ ఇంటాయన పేరు మారుస్తామా?

2009లో జావా ఈఈ 6 వచ్చి రిసోర్స్ యానొటేషన్‌కి లుకప్ తగిలించిందో లేదో, సర్వర్ సొంత పేర్లన్నీ తెచ్చి కోడ్‌లోనే దిగ్గొట్టారు మీవాళ్లు. 2011లో జేబాస్ 7 వచ్చి, డేటాసోర్సు పేరు జావా:/ తోనో జావా:జేబాస్/ తోనో మొదలవ్వాలంది. కోడ్‌లో పేర్లు పెట్టుకున్నవాళ్లు ఫైలు ఫైలూ గాలించారు. మేం ఒక్క లైను మార్చి టీకి పోయాం.

ఇక 2020 నాటి జకార్తా ఈఈ 9. జావాఎక్స్ అన్నచోటల్లా జకార్తా అని రీప్లేస్ ఆల్ కొట్టేశావు. సర్వ్‌లెట్‌కి అది సరే. డేటాసోర్సు ఉండేది జావాఎక్స్.ఎస్‌క్యూఎల్‌లో, ఇనీషియల్‌కాంటెక్స్ట్ ఉండేది జావాఎక్స్.నేమింగ్‌లో. అవి జావాతోనే వచ్చే ప్యాకేజీలు, వాటి పేరు మారనే లేదు. జకార్తా.ఎస్‌క్యూఎల్ అని లోకంలో ఎక్కడా లేదు నాయనా!

మీ ఎక్స్‌ఎంఎల్ చాంతాడంత ఉండేది, ఒక్క పేరు మూడుచోట్ల రాసి చచ్చేవారు అంటావు. నిజమే, కాదనను. ఒక్క అక్షరం తేడా వస్తే రాత్రంతా జాగారమే. అయినా వెతకాల్సిందెక్కడో తెలిసేది.

అందుకే పాత సర్వర్ ఆపకముందే దాని కన్సోల్ తెరువు. డేటాసోర్సులు, జేఎంఎస్ క్యూలు, మెయిల్ సెషన్లు, అన్నిటి పేర్లూ కాగితం మీద రాసుకో. పక్కన కొత్త సర్వర్ పేర్లు రాయి. ఆ తర్వాతే కోడ్ మీద చెయ్యి వెయ్యి.