ఆకాశానికి కొట్టిన ఫ్లాష్

మీరూ కత్తిరించే ఉంటారు. మీరు కాకపోతే మీ ఇంట్లో కుర్రాడు కత్తిరించి ఉంటాడు. ఈ పెళ్ళిళ్ళ రోజుల్లో బందరు నుంచి అవనిగడ్డ దాకా ఏ కెమెరా చూసినా నెత్తిన ఒక తెల్ల అట్టముక్క, పుంజుకి జుట్టులాగా. "బౌన్స్ కార్డండీ. సొంతంగా చేశాను. పైసా ఖర్చు లేదు" అని మనం అడక్కముందే చెబుతాడు. పొరపాటున అడిగామా, పావుగంట పడుతుంది.

ఆ అట్ట కూడా ఏదిపడితే అది పనికిరాదట. శుభలేఖే కావాలట. ఆ మందం, ఆ నునుపు మరోదానికి రావట. పెళ్ళివారు ఇంటికొచ్చి బొట్టుపెట్టి, శుభలేఖ చేతికిచ్చి, "అందరూ తప్పకుండా రావాలి బాబాయ్" అని చెప్పి వీధి మలుపు తిరిగారో లేదో, లోపల కత్తెర చప్పుడు. నాలుగు మూలలా పెట్టిన పసుపు అలాగే ఉంటుంది. పసుపు మీద పడిన వెలుతురు పసుపుగానే తిరిగొస్తుంది. పెళ్ళికొడుకు పచ్చకామెర్లవాడిలా కనిపిస్తున్నాడేమిటయ్యా అంటే, "వార్మ్ టోనండీ" అంటాడు.

శుభలేఖ అందనివాళ్ళు లడ్డు పెట్టె మూత కోసుకుంటున్నారు. బందరు లడ్డుకి 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఇక దాని అట్టపెట్టెకీ అడుగుతారేమో. నెయ్యి మరక పడ్డచోట వెలుతురు ఇంకా మెత్తగా వస్తుందని ఒకాయన నాకు ఒట్టేసి చెప్పాడు. పెరుగు కప్పు బోర్లించేవాళ్ళనీ, పాత ఫిల్ము డబ్బీ తొడిగేవాళ్ళనీ, టిష్యూ కాగితం చుట్టి రబ్బరుబ్యాండు వేసేవాళ్ళనీ ఇవాళ్టికి క్షమించేశాను.

నా గొడవల్లా ఆకాశంతో.

అట్ట చేసే పనేమిటి? ఫ్లాషుకి అడ్డంగా, ఏటవాలుగా నిలబడి వెలుతురుని పైకి తోలడం. పైన తెల్లటి కప్పు ఉంటే అది ఆ వెలుతురుని అందుకుని దుప్పటిలా కిందికి పరుస్తుంది. ముక్కు నీడ మెత్తబడుతుంది, కళ్ళల్లో ఎర్రచుక్కలు పోతాయి. నిజమే, కాదన్నదెవరు? కానీ కష్టమంతా కప్పుది. అట్టది ట్రాఫిక్ పోలీసు ఉద్యోగం, చెయ్యి చూపించడమే.

మరి పైన కప్పేదీ?

మొన్న కోడూరు వైపు రాత్రి పెళ్ళికి వెళ్ళాను. భోజనాలు ఆరుబయట. పందిరికి పది గజాల అవతల బల్లలు వేశారు. పైన మబ్బుతునక కూడా లేదు. కెమెరా కుర్రాడు మా బంతికి ఎదురుగా నిలబడి, అట్ట సర్దుకుని, టప్‌మని కొట్టాడు. వెలుతురంతా నిటారుగా పైకి పోయింది. ఎక్కడ ఆగుతుందోనని నేను కూడా తలెత్తి చూశాను. పైన సప్తమి చంద్రుడు ఒక్కడే ఉన్నాడు.

ఆయన తిప్పి పంపుతాడని నమ్మకం కాబోలు. ఒకరి నమ్మకాన్ని వెక్కిరించకూడదు గనక లెక్క వేశాను. వెలుతురు చంద్రుడి దాకా వెళ్ళి తిరిగి రావడానికి రెండున్నర సెకన్లు పడుతుంది. కుర్రాడి షటరు సెకనులో అరవయ్యోవంతులో మూతపడింది. చంద్రుడు ఎంత మర్యాదస్తుడైనా ఏం చేస్తాడు? ఆ వెలుతురు తిరిగొచ్చేసరికి వడ్డనాయన నా విస్తట్లో పప్పు వేసి పక్క విస్తరికి వెళ్ళిపోయాడు.

కుర్రాడు తెర చూసుకున్నాడు. నల్లగా ఉంది. మొహం చిట్లించి, అట్ట ఇంకాస్త వెనక్కి వంచి, మళ్ళీ కొట్టాడు. ఈసారి వెలుతురు చంద్రుణ్ణి తప్పించుకుని హంసలదీవి మీదుగా సముద్రంలోకి పోయి ఉంటుంది. మూడోసారికి నా పక్కనున్న పెద్దాయన ఉండబట్టలేక, "అబ్బాయ్, అది తీసేసి కొట్టరాదూ?" అన్నాడు.

"తీసేస్తే ఫ్లాట్‌గా వస్తుంది తాతయ్యా."

ఫ్లాట్‌గా రావాలన్నా ముందు ఫోటో అంటూ రావాలి కదా నాయనా! ఆ రాత్రి మా బంతిలో నలభైమంది తిన్నాం. సాక్ష్యానికి ఒక్క ఫోటో లేదు. చంద్రుడి దగ్గర ఉంటే ఉండాలి.

పందిరి లోపలైతే నయమా అంటే, కొబ్బరాకుల పందిరి ఆకుపచ్చ వెలుతురు పంచుతుంది. షామియానా గుడ్డ ఏ రంగైతే ముఖం ఆ రంగు. పెళ్ళికూతురు ఒక ఫోటోలో గులాబీ, రెండడుగులు జరిగితే నీలం. గుడివాడ ఫంక్షన్ హాళ్ళలో కప్పులున్నాయి గానీ వాటిని అందుకోవాలంటే ఫ్లాష్ చాలదు, తారాజువ్వ కావాలి.

అసలు ఆ పిట్ట ఫ్లాషు సత్తా ఎంతని? కెమెరాతో పుట్టిన ఫ్లాషుకి గైడ్ నంబరు, అంటే వెలుతురు ఎంత దూరం చేరుతుందో చెప్పే అంకె, 12 ఉంటే గొప్ప. ఐఎస్ఓ 100లో ఎఫ్ 4 పెడితే, 12ని 4తో భాగించగా 3 మీటర్లు. ఐఎస్ఓ 400 చేస్తే 6 మీటర్లు. ఇప్పుడు దాన్ని పైకి తిప్పండి. సున్నం వేసిన తెల్ల కప్పు కూడా రెండు స్టాపులు సులువుగా మింగేస్తుంది, నాలుగోవంతే మిగులుతుంది, వెలుతురు నాలుగోవంతైతే దూరం సగం, మళ్ళీ 3 మీటర్లకే వచ్చిపడ్డాం. పదకొండడుగుల కప్పున్న ఇంట్లో పైకెళ్ళి ముఖం దాకా దిగిరావడానికే మూడున్నర మీటర్లు దాటుతుంది. అంటే మిద్దింట్లో, తెల్ల సున్నం కింద, అన్నీ కలిసొచ్చినా ఫోటో చీకటే. పైగా కప్పు లేకపోయినా అట్టే వెలుతురుని మెత్తన చేస్తుందని ఇంకో వాదన. వెలుతురు మెత్తబడాలంటే అది వచ్చే చోటు పెద్దదవ్వాలి. పోస్టుకార్డంత ముక్క పదడుగుల దూరానికి అగ్గిపుల్లతో సమానం.

మా మేనకోడలి పెళ్ళి దాకా ఇదంతా నాకు కాలక్షేపంగానే ఉంది.

నాగాయలంక దగ్గర పల్లె. ముహూర్తం రాత్రి 2 గంటల 14 నిమిషాలకి. మాట్లాడుకున్న స్టూడియో పేరు చెప్పను. వాళ్ళు పంపిన కుర్రాడి కెమెరా మీద శుభలేఖ ఉంది, మా శుభలేఖే. అట్ట మింగే వెలుతురుని పూడ్చడానికి ఆ ఫ్లాషు ప్రతిసారీ ఉన్న శక్తంతా కక్కాలి. కక్కినప్పుడల్లా మళ్ళీ ఛార్జవడానికి కొన్ని సెకన్లు. వరసగా కొడితే వేడెక్కి అసలే మొరాయిస్తుంది. గట్టిమేళం మోగింది. మొదటి ముడికి టప్‌మంది. రెండో ముడికి లేదు. మూడో ముడికీ లేదు.

"పంతులుగారూ, ఒక్క నిమిషం! ఛార్జవుతోంది. సార్, ఇంకోసారి కట్టండి."

ఇంకోసారా? పడిన మూడు ముళ్ళు విప్పి మళ్ళీ కట్టమనడానికి నువ్వెవడివి? సన్నాయి ఆపించడానికి నువ్వెవడివి? ఆ పిల్ల తండ్రి రొయ్యల చెరువులో రెండేళ్ళు నష్టపోయి, అయినా ఈ ఖర్చుకి దాచిపెట్టుకున్నాడు. అందులో నీ అడ్వాన్సు కూడా ఉంది. ఆ ఒక్క నిమిషానికే కదా నిన్ను పిలిచింది? మిగతా రాత్రంతా నువ్వు చంద్రుడికి ఫోటోలు తీసుకున్నా ఎవరడుగుతారు?

డబ్బుల్లేక అట్ట కత్తిరించుకున్నవాణ్ణి నేనెందుకు తిడతాను? పేదరికం తప్పా? చిలకలపూడిలో రాగి మీద బంగారం పూత పూసి నగలు చేస్తారు. గిల్టని చెప్పే అమ్ముతారు, దేశమంతా చెప్పించుకునే కొంటుంది. నువ్వు మాత్రం అట్టముక్క పెట్టి స్టూడియో లైటింగని బిల్లు వేశావు. ఆ పందిట్లో కప్పు ఉందో లేదో నువ్వు ఒక్కసారి తలెత్తి చూడలేదు. నా కోపం దానికి.

ఈ గడ్డకి ఫోటో కొత్తేమీ కాదు. తెలుగు సినిమాకి తండ్రి అనిపించుకున్న రఘుపతి వెంకయ్యనాయుడు ఈ బందరులోనే పుట్టాడు. మద్రాసులో ఫోటోగ్రాఫరుగా బతికాకే సినిమా హాళ్ళు కట్టాడు. పేరు తెలియని ఒక బందరు ఫోటోగ్రాఫరు తీసిన బొమ్మ మా ఇంట్లోనూ ఉంది, మా అమ్మమ్మది. 1977 నవంబరు 19 ఉప్పెనకి మా దివిసీమ ఇంట్లో గోడలే మిగల్లేదు, గోడల మీద పటాలెక్కడివి? గుడివాడలో పెద్దమ్మ దగ్గర ఒక కాపీ ఉండబట్టి ఇది బతికింది. ఎడమవైపు కిటికీ నుంచి వచ్చిన వెలుతురు. ముక్కుపుడక నీడ పైపెదవి మీద ఆవగింజంత పడింది. కుడిచెంప చీకట్లో కలిసిపోవాలి, కానీ కలవలేదు. ఎందుకంటే, మా అమ్మ చెప్పేది, ఆయన కుర్చీ వీపు మీద ఒక తెల్ల పంచె ఆరేసి, కెమెరా ముట్టుకోకుండా పావుగంటసేపు ఆ కుర్చీని అటూ ఇటూ జరిపాడట, అమ్మమ్మ ముఖం చూస్తూ. అదీ బౌన్సే. దానికీ పైసా ఖర్చు లేదు.

పెళ్ళి ఆల్బం నిన్న వచ్చింది. మాంగల్యధారణ పేజీలో మూడు ఫోటోలూ ఉన్నాయి. మొదటిది చీకటి, మసక మసకగా మా పిల్ల కళ్ళనీళ్ళు. మిగతా రెండూ బాగానే వచ్చాయి, అట్ట తీసేసి కొట్టాడు. రెండిట్లోనూ పిల్ల కెమెరా వైపు చూసి నవ్వుతోంది. అవి రెండోసారి కట్టినప్పటివి.