మూడో ప్రమాద హెచ్చరిక

ఆరు తీగల గిటారు పట్టుకున్నవాణ్ణి జనం కళాకారుడంటారు. నాది పన్నెండు తీగలది, పైగా పాతది. నన్ను మెకానిక్కు అనుకుంటారు. అనుకోరూ మరి! ఎప్పుడు చూసినా చేతిలో కటింగ్ ప్లేయరు, పళ్ళ మధ్య బ్రిడ్జి పిన్ను, ఒళ్ళో ఆపరేషన్ బల్ల మీద పేషెంటులా గిటారు.

పన్నెండంటే ఆరు జతలు. నాలుగు జతల్లో లావు తీగ పక్కనే ఒక స్థాయి పైన పలికే సన్నతీగ ఉంటుంది. మిగతా రెండు జతలూ అచ్చం కవలలు. ఆ సన్నవాటిలో మూడో జతది మరీ సన్నం, అంగుళంలో వెయ్యో వంతులు ఎనిమిది. తెగితే అదే తెగుతుంది, అదీ శ్రుతి సరిగ్గా కుదిరే క్షణంలో. మొహం కాస్త ఎడంగా పెట్టుకుని మర తిప్పడం మంచిది.

ఖమ్మంలో ఒక కొట్టాయన్ని పన్నెండు తీగల సెట్టు అడిగితే, "రెండు సెట్లు తీస్కపోండి సార్, ఆరూ ఆరూ పన్నెండే కదా" అన్నాడు. కూడిక తప్పు లేదు. కానీ అలా కడితే అన్నీ కవలలే అవుతాయి, పై స్థాయి పలికే సన్నవి ఉండవు. హైదరాబాదు నుంచి తెప్పించుకోక తప్పలేదు.

పాత గిటారుకు పన్నెండు తీగలూ ఒక్కసారే పీకేయడం నాకు ఇష్టం ఉండదు. జత విప్పు, జత కట్టు, అంతే. బిగుతుగా ఉన్న తీగను కత్తిరించొద్దు, ముందు వదులు చెయ్యి. పిన్ను మొరాయిస్తే పైనుంచి ప్లేయరుతో పీకి దాని తల విరగ్గొట్టకుండా, గిటారు బొక్కలోంచి చెయ్యి దూర్చి లోపలి నుంచి రూపాయి బిళ్ళతో తొయ్యాలి. మెడ పైకొసన తీగలు ఆనే నట్టు గాడిలో పెన్సిల్ ముక్కు రుద్దాలి, తీగ కిర్రుమనకుండా జారుతుంది. మరల పళ్ళకు కుట్టుమిషన్ ఆయిల్ ఒక్క చుక్క. రెండో చుక్క చెక్క తాగుతుంది.

ఇదంతా సులువే. అసలు బాధ బరువు. పన్నెండు తీగలూ పూర్తి శ్రుతిలో ఉంటే లాగే బలం క్వింటాలు పైమాటే. దాన్ని మోసేది మూడు మిల్లీమీటర్ల చెక్కా, దాని మీద జిగురుతో అంటించిన, తీగల కొసలు పట్టుకునే బ్రిడ్జీ.

భద్రాచలంలో గోదారికి 43 అడుగుల దగ్గర మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. నా గిటారుకూ మూడు పెట్టుకున్నాను. తీగలు ఎత్తు లేచి, నొక్కితే వేలు అబ్బా అంటే మొదటిది. బ్రిడ్జి వెనక చెక్క పొట్ట పెంచితే రెండోది. బ్రిడ్జి అంచు కిందికి కాగితం దూరితే మూడోది. ఇక లోతట్టు ప్రాంతాలన్నీ ఖాళీ చేయించినట్టు తీగలన్నీ దించాల్సిందే. కాగితానికేం కొదవ, ఏటికి అవతల సారపాకలో మిల్లే ఉంది. 2022 జులైలో గోదారి 71.3 అడుగులకు వచ్చిన రోజుల్లో గాలి నిండా తేమే. చెక్క తాగినంత తాగింది. మా బావమరిది కంగారుగా ఫోన్ చేసి "ఎంతుంది బావా?" అంటే, "ఇంకా కాగితం దూరట్లేదు" అన్నాను. అవతల చాలాసేపు మాట లేదు.

గిటారుకు గాల్లో తేమ సగానికి అటూ ఇటూ ఉంటే హాయి. ఈ అడవి అంచున అలాంటి వారం ఏడాదిలో ఎప్పుడొస్తుందో నాకు కనబడలేదు. మే నెలలో చిల్లుల సబ్బుపెట్టెలో తడి స్పాంజి పెట్టి గిటారు పెట్టెలో వేస్తాను. వానాకాలం చెప్పుల డబ్బాల్లో వచ్చే సిలికా జెల్ పొట్లాలు. మా ఇంట్లో కొత్త చెప్పులు కొంటే ముందు సంతోషించేది నేనే.

అన్నిటికన్నా మేలైన మందు, ఒక పూర్తి స్వరం కిందికి దించి శ్రుతి చేయడం. లాగుడు ఐదో వంతు తగ్గుతుంది. పై శ్రుతి కావాలంటే రెండో మెట్టు మీద తీగలన్నిటినీ నొక్కిపట్టే కేపో బిగించుకోవచ్చు. ఇది పిరికితనమనే కుర్రాళ్ళకు లెడ్ బెల్లీ పేరు చెబుతాను. ఆ అమెరికా నల్లజాతి గాయకుడు తన పన్నెండు తీగల స్టెల్లా గిటారును ఇంకా కిందికే దించి వాయించేవాడు. టెక్సాస్ జైల్లో గవర్నరుకు పాట వినిపించి 1925లో క్షమాభిక్షతో బయటపడ్డాడు కూడా. మా నేలకొండపల్లి గోపన్నగారు గోల్కొండ చెరలో పాడిందీ విడుదల కోసమేగా. కాకపోతే ఆయనకు పన్నెండేళ్ళు పట్టిందంటారు, బాకీ కట్టడానికి రాముడే రావాల్సి వచ్చిందంటారు. తంబురాకు నాలుగే తీగలు గనక సరిపోయింది. పన్నెండైతే ఆ పన్నెండేళ్ళూ శ్రుతికే చాలేవి కావు.

కొత్త తీగలు కట్టాక సాగుతూనే ఉంటాయి. ఆఖరి జత బిగించేసరికి మొదటి జత దిగిపోయి ఉంటుంది. గడప దగ్గర కూచుని చూస్తున్న పక్కింటి పిల్లాడు అడిగాడు: "సార్, ఇందులో పాట ఎప్పుడొస్తది?"

విప్పిన తీగలు పారేయం. లావువాటిని మా ఆవిడ బీరపాదు పందిరికి కట్టింది. కాపు బాగానే ఉంది. ప్రహరీ మీదుగా రెండు కాయలు అందిస్తూ ఆ పిల్లాడి తల్లితో అంటుంటే విన్నాను: "అవి పనికొచ్చింది ఇక్కడే వదినా."