నగరమంతా ఒకే భవనం, ఆక్సిజన్ చార్జీలు అదనం

ఇన్ని వేల ఏళ్లుగా మనుషులకు ఊళ్లు కట్టుకోవడం చేతకాలేదట. ఆ లోటు తాము తీరుస్తామని సౌదీ అరేబియా 2021 జనవరిలో ప్రకటించింది. పేరు ‘ది లైన్’. ఆ తర్వాతి ఏడాది బొమ్మలు కూడా విడుదల చేశారు. ఎడారిలో 170 కిలోమీటర్ల పొడవున, 500 మీటర్ల ఎత్తున అద్దాల గోడలు, వాటి మధ్య 200 మీటర్ల వెడల్పులో తొంభై లక్షల జనం. కార్లుండవు, రోడ్లుండవు, పొగ ఉండదు. కావలసినవన్నీ అయిదు నిమిషాల నడకలో దొరుకుతాయి. ఈ కొస నుంచి ఆ కొసకు రైల్లో ఇరవై నిమిషాలు.

ఏ మాటకా మాటే చెప్పుకోవాలి, బొమ్మలు మాత్రం బ్రహ్మాండం. గాల్లో తోటలు, తోటల మధ్య నవ్వుకుంటూ తిరిగే మనుషులు. చెత్తబండి గానీ, ఆరేసిన లుంగీ గానీ, పోపు ఘాటుకు తుమ్మే ముసలాయన గానీ నా కంటికి ఎక్కడా ఆనలేదు. భవిష్యత్తులో ఎవరూ పోపు పెట్టరు కాబోలు.

ఆ ఇరవై నిమిషాల సంగతి చూద్దాం. 170 కిలోమీటర్లు ఇరవై నిమిషాల్లో అంటే గంటకు 510 కిలోమీటర్ల వేగం, అదీ దారిలో ఎక్కడా ఆగకుండా పోతే. మరి మధ్యలో ఉన్నవాళ్లు ఎక్కేదెలా, దిగేదెలా అని అడిగినవాడు అభివృద్ధి నిరోధకుడు. వియన్నాలోని కాంప్లెక్సిటీ సైన్స్ హబ్‌లో ఇద్దరు నిరోధకులు 2023లో అడగనే అడిగారు. అందరికీ నడిచే దూరంలో స్టేషన్ ఉండాలంటే కనీసం 86 స్టేషన్లు కావాలన్నారు. అన్ని చోట్ల ఆగే రైలు వేగం అందుకునేదెప్పుడు? అందుకే సగటు ప్రయాణం గంటకు తక్కువ కాదని తేల్చారు. ఆ గీతలో ఏ ఇద్దరిని తీసుకున్నా వాళ్ల మధ్య సగటు దూరం 57 కిలోమీటర్లు. మన లెక్కలో పెద్దకూతురు విజయవాడలో, చిన్నకూతురు ఏలూరు దగ్గర్లో కాపురం ఉన్నట్టు. అయినా ఇద్దరూ ఒకే బిల్డింగులో ఉన్నారని బంధువులకు చెప్పుకోవచ్చు.

ఈ భవనం ఆక్రమించే నేల మొత్తం 34 చదరపు కిలోమీటర్లు. ఆ నేలనే గుండ్రంగా చుడితే వ్యాసార్థం 3.3 కిలోమీటర్లు వస్తుందని కూడా ఆ ఇద్దరే లెక్కకట్టారు. నడిబొడ్డు నుంచి ఏ అంచుకైనా సైకిల్ మీద పావుగంట. తొంభై లక్షల మందికి రైలే అవసరం లేకుండా పోయే ప్రమాదం ఉంది. పైగా గుండ్రంగా కడితే అది ఊరైపోతుంది. ఊరు కట్టినవాడి ఫొటో ఏ పత్రిక ముఖచిత్రంగా వేస్తుంది?

2030 నాటికి పదిహేను లక్షల మంది కాపురం పెడతారన్న అంచనా మూడు లక్షల లోపుకు జారిందనీ, అప్పటికి పూర్తయ్యేది 2.4 కిలోమీటర్లేననీ 2024 ఏప్రిల్‌లో బ్లూమ్‌బర్గ్ రాసింది. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం. అయితే ఈ సోమలింగానికి ఉయ్యాల కట్టడానికి మాత్రం ఉన్న ఊళ్లను ఖాళీ చేయించారు. ఖాళీ ఎడారి అని ప్రపంచానికి చెప్పిన చోట హువైతాత్ తెగవాళ్లు తరతరాలుగా ఉంటున్నారు. ఇల్లు వదిలి పోనంటూ వీడియోలు పెట్టిన అబ్దుల్ రహీం అల్ హువైతీ ‘ది లైన్’ ప్రకటనకు ముందే, 2020 ఏప్రిల్‌లో భద్రతా దళాల కాల్పుల్లో చనిపోయాడు. అతనే ముందు కాల్చాడని ప్రభుత్వం అంది. పుడమిని కాపాడే నగరం కదా, పుడమి మీద ఉన్నవాళ్లు కాస్త సర్దుకోవాలి.

ఇక కాలుష్యం. నగరం నడిచేటప్పుడు ఉండదు, నిజమే అనుకుందాం. కట్టేటప్పుడు? అర కిలోమీటరు ఎత్తు గోడలకు ఉక్కూ సిమెంటూ గాజూ ఆకాశం నుంచి ఊడిపడవు. కట్టడానికే 180 కోట్ల టన్నులకు పైగా కార్బన్ డయాక్సైడ్ వెలువడుతుందని ఆస్ట్రేలియాలో ఆర్కిటెక్చర్ ఆచార్యుడు ఫిలిప్ ఓల్డ్‌ఫీల్డ్ అంచనా వేశారు. మొదట ఊరంతటికీ పొగబెట్టి, తర్వాత మా ఇంట్లో పొయ్యి లేదని చెప్పుకోవడం.

ఊరంతా ఒకే భవనమన్న ఈ భక్తికి ఆదిపురుషుడు సౌదీవాడు కాదు. ఇటలీలో పుట్టి అమెరికా చేరిన పావోలో సొలేరి. జనాన్నంతా ఒక మహాభవనంలోకి ఎత్తి, చుట్టూ ప్రకృతిని దాని మానాన వదిలేయాలన్నది ఆయన కల. 1969లో పుస్తకం వేశాడు, 1970లో అరిజోనా ఎడారిలో ఆర్కోశాంటి కట్టడం మొదలుపెట్టాడు. అయిదు వేల మంది వస్తారని అంచనా. అర్ధ శతాబ్దం దాటినా కాపురం ఉంటున్నది కొన్ని డజన్ల మంది. రోజులు గడవడానికి అక్కడే కంచు గంటలు పోతపోసి, చూడవచ్చినవాళ్లకు అమ్ముతారు. నగరం పేరు చెప్పి గంటలు అమ్ముకోవడం అన్నమాట. సొలేరి 2013లో కన్నుమూశాడు. ఆయన మీద నాకు కోపం లేదు. ఆయన ఎవరినీ ఖాళీ చేయించలేదు, గంటలు కూడా మంచి గంటలేనట.

స్వయం సమృద్ధి అనే మాటను నిజంగా నమ్మి, తలుపులు బిగించుకుని చూసినవాళ్లు కూడా ఆ అరిజోనాలోనే ఉన్నారు. బయోస్ఫియర్ 2. మూడెకరాల పైచిలుకు గాజు గృహం. లోపల చిట్టడవి, చిన్న సముద్రం, పొలం. 1991 సెప్టెంబరు 26న ఎనిమిది మంది లోపలికి వెళ్లారు. తిండీ నీళ్లూ గాలీ రెండేళ్లపాటు అంతా లోపలిదే అన్నారు. రెండు వారాలు తిరక్కుండానే ఒకామెకు వడ్లు ఆడించే మరలో వేలికొస తెగింది. ఆపరేషన్ కోసం బయటికి వెళ్లి కొన్ని గంటల్లో తిరిగొచ్చింది, చేతిలో సామాన్ల సంచితో. తర్వాత ఆకలి. చిలగడదుంపలు తిని తిని ఒళ్లు నారింజ రంగుకు తిరిగింది. పరాగాన్ని మోసే పురుగులు చచ్చిపోయాయి. చీమలూ బొద్దింకలూ మాత్రం పుట్టింటికి వచ్చినంత సుఖంగా ఉన్నాయి.

అన్నిటికన్నా వింత గాలిది. ఆక్సిజన్ 20.9 శాతం నుంచి మెల్లగా దిగి 14 దరికి వచ్చింది. నాలుగు వేల మీటర్ల కొండ ఎక్కినట్టు మెట్ల మీదే ఆయాసపడ్డారు. దొంగ ఎవరని వెతికితే, సారవంతంగా ఉంటుందని మురిసి పోసిన మట్టిలోని సూక్ష్మజీవులు. అవి ఆక్సిజన్ పీల్చి కార్బన్ డయాక్సైడ్ వదులుతుంటే, దాన్ని కాంక్రీటు గోడలు మింగేశాయి. దాంతో మొక్కలకు తిరిగి ఆక్సిజన్ చేసే వీలూ పోయింది. భవనమే తన అద్దెదారుల ఊపిరి తాగింది. 1993 జనవరిలో బయటి నుంచి ఆక్సిజన్ ఎక్కించారు. పక్కనే సహజవాయువుతో నడిచే విద్యుత్కేంద్రం మొదటి నుంచీ ఉండనే ఉంది. అదంతా గాజుకు అవతల కదా, లెక్కలోకి రాదు.

ఆ అవతల ఉన్నదాన్ని లెక్కలోంచి తీసేయడమే ఈ విద్యలో అసలు కిటుకు, దానికి ఎడారులదాకా పోనక్కర్లేదు. హైదరాబాద్ పడమటి వైపు ఏ హోర్డింగు చూసినా ‘ఊరంతా ఒకే గేటులో’. నలభై, యాభై అంతస్తులు. స్కూలు, క్లినిక్, సూపర్ మార్కెట్, జాగింగ్ ట్రాక్. బయటికి అడుగు పెట్టనక్కర్లేదని బ్రోచరు గర్వంగా చెబుతుంది. మీరు బయటికి పోనక్కర్లేదు సరే, నీళ్లు లోపలికి రావాలి కదా. కృష్ణ నాగార్జునసాగర్ నుంచి, గోదావరి ఎల్లంపల్లి నుంచి నూరు కిలోమీటర్లకు పైగా ఎదురెక్కి వస్తాయి. అవీ చాలక ఎండాకాలంలో గేటు ముందు ట్యాంకర్లు బారులు తీరతాయి. లోపలి ‘వాటర్ ఫీచర్’ మాత్రం ఆగదు, అది అమెనిటీ. పొద్దున్నే పక్క బస్తీ నుంచి గిన్నెలు తోమే అమ్మలు వస్తారు. వాళ్లకు లిఫ్టు దగ్గరే నోటీసు: పనివారు, డెలివరీవారు సర్వీస్ లిఫ్టు మాత్రమే వాడవలెను. స్వయం సమృద్ధి పై అంతస్తులకు ఎక్కేది ఆ రెండో లిఫ్టులోనే.

ఇళ్లు దగ్గరదగ్గరగా ఉంటే మేలేనని నేనూ ఒప్పుకుంటాను. నేల కలిసొస్తుంది, బస్సు గిట్టుబాటవుతుంది, నడిచి పోవచ్చు. మన పాత వీధుల్లో గోడకు గోడ ఆనించి కట్టుకున్నది అందుకే. అలాస్కాలో విట్టియర్ అనే చిన్న ఊరుంది. ఊళ్లో చాలామంది ఉండేది ఒక్క పద్నాలుగంతస్తుల భవనంలోనే. పిల్లలు సొరంగం గుండా బడికి పోతారు. అది ఒకప్పుడు సైన్యం కట్టుకున్న క్వార్టర్స్. భవిష్యత్తు నగరమని ఎవరూ దానికి అవార్డివ్వలేదు, వాళ్లూ అడగలేదు.

అసలు ఇవ్వదలిస్తే అర్హులు మరొకరున్నారు. గల్ఫ్‌లో అద్దాల మేడలు కట్టిన చేతుల్లో జగిత్యాల, నిజామాబాద్, సిరిసిల్ల చేతులు ఎన్నో. వాళ్లుండే లేబర్ క్యాంపు చూడండి. మంచం మీద మంచం, పదిమందికి ఒక పొయ్యి, కిటికీకి కట్టిన తాడు మీద బట్టలు, పనికి కంపెనీ బస్సు. కారు లేదు, తోట లేదు, తలకు ఇన్ని అడుగుల చోటు. బ్రోచరు కొలతలన్నిటిలోనూ వీళ్లకే నూటికి నూరు. కానీ దాన్ని సుస్థిర జీవనం అనరు, రూము అంటారు.

కాబట్టి నాదొక చిన్న సూచన. ఇకపై ఏ భవనాన్నయినా స్వయం సమృద్ధమని అమ్మాలంటే, రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ రెరాలో నమోదుకు ముందు దాని చైర్మన్‌ను, ఆర్కిటెక్టును, బ్రోచరు రాసినవాణ్ణి లోపల పెట్టి రెండేళ్లు తాళం వేయాలి. ట్యాంకరు రాదు, గిన్నెలమ్మ రాదు. వడ్ల మర ఒకటి, చిలగడదుంప విత్తనం కొంత ఇద్దాం, మరీ కఠినంగా ఉండొద్దు. మధ్యలో ఊపిరాడక ఆక్సిజన్ ఎక్కించాల్సి వస్తే ఆ ఖర్చుకు దిగులేం లేదు. చదరపు అడుగుకు ఇంత చొప్పున కొనుగోలుదారుల మెయింటెనెన్స్‌లో కలిపేయొచ్చు. క్లబ్‌హౌస్‌ ఖర్చు అలాగే కలిపారు, ఎవరైనా అడిగారా?