ఎర్ర సిరాతో కొట్టేసిన మాట

1948 సెప్టెంబరు 13న బెజవాడ వైపు నుంచి కదిలిన భారత సైన్యం మన నందిగామ, జగ్గయ్యపేటల దారినే కోదాడ మీదుగా నిజాం రాజ్యంలోకి ప్రవేశించింది. బళ్లో సాంఘికశాస్త్రం చెప్పినన్నాళ్లూ దాన్ని నేను పిల్లలకు ‘పోలీసు చర్య’ అనే నేర్పాను. పాఠంలో ఉన్నది అదే, పరీక్షలో అడిగేదీ అదే. ఆ మాట ఎవరు పెట్టారు, ఎందుకు పెట్టారు అని ఒక్కసారీ ఆలోచించలేదు.

ఒక తొమ్మిదో తరగతి పిల్ల తన వ్యాసంలో ‘దండయాత్ర’ అని రాసింది. ఎర్ర సిరాతో కొట్టేసి, పైన ‘పోలీసు చర్య’ అని రాసి, మార్కు తగ్గించాను. ఆ పిల్ల లేచి, “మా నాయనమ్మది కోదాడ అవతల సార్. దండు దిగిందనే చెబుతుంది” అంది. “మీ నాయనమ్మకు చరిత్రేం తెలుసు, కూర్చో” అన్నాను. చరిత్ర కళ్లారా చూసిన మనిషిని గురించి, పుస్తకంలో చదివిన నేను అన్న మాట అది. ఆ పిల్ల మళ్లీ నా తరగతిలో చెయ్యెత్తలేదు.

దండు అంటే సైన్యం. మిడతల దండు అన్నా, దండెత్తి వచ్చారన్నా మనకు స్ఫురించేది గుంపుగా, బలంతో మీదికి రావడమే. దాడి చేసినవాడు కొట్టి వెనక్కి పోవచ్చు. సరిహద్దు ఊళ్ల మీద నిజాం పక్షాన ఆయుధాలు పట్టిన రజాకార్లు చేసినవి దాడులు. చొరబాటులో దొంగచాటుతనం ఉంది, కన్నుగప్పి దూరడం ఉంది. దురాక్రమణ అన్నామంటే అది తప్పని తీర్పు కూడా చెప్పేసినట్టే. దండయాత్ర ఆ తీర్పు చెప్పదు. సైన్యం దారి పట్టి ఇంకొకరి రాజ్యంలోకి వెళ్లిందని మాత్రమే చెబుతుంది. ఆ పిల్ల మాటలో తప్పెక్కడుంది?

పోలీసులు చేస్తే పోలీసు చర్య. అప్పుడు వెళ్లింది యుద్ధ విమానాల అండతో సైన్యం. దానికి సైన్యం పెట్టుకున్న పేరు ‘ఆపరేషన్ పోలో’. హైదరాబాదు వ్యవహారం మన ఇంటి విషయమని లోకానికి చెప్పడానికే ఢిల్లీ పోలీసు పేరు ఎత్తుకుంది. అవతల నిజాం ప్రభుత్వం ఆగస్టులోనే ఐక్యరాజ్య సమితి భద్రతా మండలికి ఫిర్యాదు చేసింది. మండలి దాన్ని చర్చకు తీసుకున్నది సెప్టెంబరు 16న. మర్నాడే నిజాం లొంగిపోయాడు.

రజాకార్ల చేతుల్లో నలిగి, సరిహద్దు దాటి మన వైపు వచ్చి తలదాచుకున్న వాళ్లకు ఆ సైన్యం విముక్తి. అందులో నాకు అప్పుడూ ఇప్పుడూ సందేహం లేదు. కానీ ఆ రోజుల్లోనూ, ఆ తర్వాతా అక్కడ ఏం జరిగిందో చూసి రమ్మని నెహ్రూ ప్రభుత్వం పంపిన సుందర్‌లాల్ కమిటీ, 27 వేల నుంచి 40 వేల మంది ప్రాణాలు పోయి ఉంటాయని అంచనా కట్టింది. వాళ్లలో ఎక్కువ మంది ముస్లింలు. ఆ నివేదిక జనం చేతికి వచ్చింది 2013లో. అది చదివిన రోజు నా పాఠం నాకే వినబడింది. ‘చర్య’ అనే చిన్న మాట కింద ఇంతమందిని దాచి, ఏటా పిల్లల చేత వల్లె వేయించాను.

ఇప్పటికీ తెలంగాణలో సెప్టెంబరు 17ను ఒకరు విమోచన అంటారు, ఒకరు విలీనం అంటారు, ఇంకొకరు విద్రోహం అంటారు. ఆ గొడవ చూసి ‘అన్నీ రాజకీయాలే’ అని ఇన్నాళ్లూ తేలిగ్గా తీసేశాను. రాజకీయం నా ఎర్ర సిరాలోనూ ఉందని గుర్తించలేదు.

పాఠం చెప్పేవాడు సర్కారు మాటా చెప్పాలి, ఆ మాట ఎవరిదో కూడా చెప్పాలి. ఎవరు ఎవరి గడప దాటి వెళ్లారు, ఎందుకు వెళ్లారు, వెళ్లాక ఏం చేశారు, దానికి పేరు పెట్టిందెవరు అని పిల్లల్ని అడగనివ్వాలి. ఇంట్లో పెద్దవాళ్లు ఏమంటారో వినమని పంపాలి. నేను అది చేయకపోగా, విని వచ్చిన పిల్ల నోరు మూయించాను. తగ్గించిన ఆ మార్కు నిజానికి నాకు పడాల్సింది.