వెయ్యి అడుగుల ధీమా

భూతాపంతో సముద్రం ఉబ్బి, ఈ శతాబ్దాంతానికి విశాఖ దగ్గర పావు తక్కువ రెండడుగులు పెరగొచ్చని 2021లో నాసా లెక్క తేల్చింది. అయినా అక్కడ ‘సముద్రం కనిపించే ఫ్లాటు’కే గిరాకీ. రేపు వంటింట్లోనే కనిపిస్తుంది లెండి, అదనపు చార్జీ లేకుండా!

నిజామాబాద్ జిల్లా కమ్మర్‌పల్లి పసుపు రైతుకు ఆ బెంగ లేదు. జిల్లాలోని శ్రీరాంసాగర్ నిండుమట్టమే సముద్రం కన్నా 1091 అడుగుల ఎత్తు. కాకపోతే, కడలిని ఉబ్బించిన వేడే మబ్బునూ ఉబ్బిస్తుంది. నెల వాన ఒక్క రాత్రి దంచితే చేన్లో నీళ్లు నిలుస్తాయి, దుంపకుళ్లు పట్టుకుంటుంది, తొమ్మిది నెలల కష్టం మట్టిలోనే మురుగుతుంది.

పసుపు బోర్డు 2025లో నిజామాబాద్‌కు రానే వచ్చింది. ప్రారంభోత్సవాల ముచ్చట తీరింది గనక, ఇక చేన్లో నీళ్లు బయటికి పోయే కాల్వల సంగతి చూడండి సార్లూ!