తగ్గిస్తే తప్పు, తగలేస్తే ఫీచర్!

మీరు చేసిన నేరమేంటో తెలుసా? ప్రాసెసర్‌ని కరెంటు కాస్త తక్కువ తాగమన్నారు. అంతే. ఎవరి కొంపా ముంచలేదు.

విజయవాడలో మే నెల. రాత్రి పదైనా గోడలు సెగలు కక్కుతున్నాయి. ఫ్యాను ఉన్న వేడినే తిప్పితిప్పి మీ నెత్తిన పోస్తోంది. ఆ గదిలో కంప్యూటర్ మీద పనిచేయాలి కాబట్టి ప్రాసెసర్ వోల్టేజీని 80 మిల్లీవోల్టులు దించుకున్నారు. దానికే అండర్‌వోల్టింగ్ అని పేరు. పని అంతే జరుగుతుంది, వేడి తగ్గుతుంది. మూడు రాత్రులు కూర్చుని, ఐదేసి మిల్లీవోల్టులు దించుతూ, నీలం తెర పడగానే ఒక మెట్టు వెనక్కొస్తూ సంపాదించిన అంకె అది.

ఇంతలో మదర్‌బోర్డుకు కొత్త బయోస్ వచ్చింది. దాని కింద వివరణ ఒకే ఒక్క లైను: ‘సిస్టమ్ స్థిరత్వం మెరుగుపరచబడింది.’ ఏం మారింది? ఏ సెట్టింగు ఎగిరిపోయింది? చెప్పరు. మీరు ఊరెళ్లొచ్చేసరికి ఇంటి ఓనరు తాళం మార్చేసి, తలుపు మీద ‘భద్రత పెంచాం’ అని చీటీ అంటించి పోతే ఎలా ఉంటుంది? అలా ఉంది.

సరే, అప్‌డేట్ చేశారు. సెట్టింగులన్నీ మొదటికి. దాచుకున్న ప్రొఫైల్ పాత వెర్షన్‌దట, లోడ్ కాదట. పోనీలెమ్మని మైనస్ 80 మళ్లీ చేత్తో కొట్టారు. సేవ్, రీస్టార్ట్. అంకె అక్కడే ఉంది, వేడి మాత్రం దిగలేదు. మీ మాట రాసుకున్నారు, వినలేదు. మన ఆఫీసుల్లో అర్జీ తీసుకున్నట్టే.

ఇంకో రకం దెబ్బ ఉంది. ఇది మరీ దొంగదెబ్బ. వేడి తగ్గుతుంది, తెర మీద 5.5 గిగాహెర్ట్జ్ కనిపిస్తూనే ఉంటుంది, సినీబెంచ్ పరీక్షలో స్కోరు మాత్రం ఢమాల్! ఎందుకని? సీఈపీ అని ఒక కాపలాదారు ఉన్నాడు. 12వ తరం ఇంటెల్ చిప్పులతో కొలువులో చేరాడు. తాననుకున్న దానికంటే వోల్టేజీ తక్కువ కనిపిస్తే చాలు, ప్రమాదం అనుకుని క్లాక్‌ని సాగదీసేస్తాడు. ‘లోడ్‌లైన్’ అనే సెట్టింగు దించి అండర్‌వోల్ట్ చేసినవాళ్లకు ఈ పోటు ఎక్కువ. రేషన్ షాపు కాటా చూశారుగా? ముల్లు ఐదు కిలోలంటుంది, సంచి నాలుగంటుంది. హెచ్‌డబ్ల్యూఇన్ఫో తెరిచి ‘ఎఫెక్టివ్ క్లాక్’ అనే వరస చూడండి. సంచి బరువు అక్కడుంటుంది. మరి సీఈపీని ఆపేయవచ్చా? పేరు చివర ‘కె’ అక్షరం ఉన్న చిప్పు కొన్నవారికి చాలా బోర్డుల్లో ఆ స్విచ్ దొరుకుతుంది. లేనివారిలో చాలామందికి అదీ గతిలేదు. కులం ఎక్కడా వదలదు!

ఇంతకీ ఈ తాళాల భాగోతం ఎక్కడ మొదలైంది? 2019 డిసెంబరులో బర్మింగ్‌హామ్, గ్రాజ్, లూవెన్ విశ్వవిద్యాలయాల పరిశోధకులు ‘ప్లండర్‌వోల్ట్’ని బయటపెట్టారు. సరిగ్గా లెక్క చేసే క్షణంలో వోల్టేజీ దించితే ప్రాసెసర్ లెక్క తప్పుతుంది. ఆ తప్పులోంచి, ఎస్‌జీఎక్స్ అనే ఇనప్పెట్టెలో దాచిన రహస్య తాళంచెవులు లాగొచ్చు. మంచి పరిశోధన, వారికి దండం. కానీ ఆ దాడి చేయాలంటే దొంగ చేతిలో ముందే మీ సిస్టమ్ పగ్గాలన్నీ ఉండాలి. ఇల్లంతా వాడి చేతికొచ్చాక బీరువా గురించి బెంగ! పోనీ, మామూలు మనిషి ఆ ఇనప్పెట్టెను దేనికి వాడాడు? 4కే బ్లూరే సినిమా చూడ్డానికి. మీరెప్పుడైనా చూశారా? దానికోసం లోకంలోని ల్యాప్‌టాప్‌లకు వరసబెట్టి వోల్టేజీ తాళాలు పడ్డాయి. వోల్టేజీ దించే థ్రాటిల్‌స్టాప్ తెరిస్తే ‘లాక్డ్’ అని వెక్కిరింత. ఆ తర్వాత 11వ, 12వ తరం డెస్క్‌టాప్, ల్యాప్‌టాప్ చిప్పుల్లో ఎస్‌జీఎక్స్‌ని ఇంటెలే పక్కన పడేసింది. పెట్టె పోయింది. తాళం వేసే అలవాటు పోలేదు.

అండర్‌వోల్ట్ మీద ఇంత కట్టడి చేసిన ఈ పెద్దమనుషులు ఓవర్‌వోల్ట్ దగ్గర ఏం చేశారో వినండి. 13వ, 14వ తరం ‘కె’ ఐ9లకు ఇంటెల్ చెప్పిన పవర్ పరిమితి 253 వాట్లు. బోర్డు కంపెనీలు? మిమ్మల్ని అడగనైనా అడక్కుండా 4,096 వాట్లు రాసి పెట్టాయి. అంటే రెండు ఏసీల కరెంటుకు పైమాటే! చిప్పు అంత తాగదు, నిజమే. ‘నీకు హద్దు లేదు, మింగు’ అని చెప్పడం అది. ఇంటెల్‌కి ఇది తెలియదా? సమీక్షల్లో బార్లు పొడవుగా వస్తున్నాయిగా, ఎవరు మాట్లాడతారు?

చిప్పులు కూలడం మొదలైంది. ఆట తెరిస్తే ‘వీడియో మెమరీ చాలదు’ అని దొంగ ఏడుపు, జనమేమో గ్రాఫిక్స్ కార్డును తిట్టుకున్నారు. 2024 ఏప్రిల్ నాటికి ఇంటెల్ వేలు బోర్డుల వైపు. జూలైకి వచ్చేసరికి అసలు గుట్టు: ప్రాసెసర్ మైక్రోకోడే తప్పుగా ఎక్కువ వోల్టేజీ అడుగుతోందని ఇంటెలే ఒప్పుకుంది. ఆగస్టులో 0ఎక్స్129 అనే కొత్త మైక్రోకోడ్ వచ్చి 1.55 వోల్టులకు గీత గీసింది. సెప్టెంబరులో 0ఎక్స్12బీ. 2025లో 0ఎక్స్12ఎఫ్. అప్పటికే దెబ్బతిన్న చిప్పుకు ఏ మైక్రోకోడూ ప్రాణం పోయదు. రెండేళ్ల వారంటీ అదనంగా పడేశారు. చేతులు కాలింది మనకు, ఆకులు పట్టుకున్నది వాళ్లు.

గమనించారా? రోగం ఎక్కువ వోల్టేజీ. అది దించుకున్నవాడు తెలిసో తెలియకో పథ్యం చేశాడు. వైద్యం పేరుతో వచ్చిన అప్‌డేట్ ముందుగా అతని పథ్యాన్నే చెడగొట్టింది. అమ్మ పెట్టాపెట్టదు, అడుక్కు తినానివ్వదు!

పోనీ దిద్దుకుందామా? బయోస్‌లో ‘అండర్‌వోల్ట్ ప్రొటెక్షన్’ వెతకండి. అది ఆన్‌లో ఉంటే విండోస్‌లోంచి ఎంత మొత్తుకున్నా చెల్లదు, బయోస్‌లోనే దించుకోవాలి. విండోస్‌లో ‘మెమరీ ఇంటెగ్రిటీ’ ఆన్‌లో ఉన్నా ఇంటెల్ ఎక్స్‌టీయూ లాంటి సాధనాలు చేతులెత్తేస్తాయి. అది భద్రతకు పనికొచ్చేదే, ఊరికే పీకి పారేయకండి. ఫ్రీక్వెన్సీని నమ్మకండి, స్కోరు చూడండి. పాత బయోస్‌కి పోదామంటే కొన్ని బోర్డులు వెనక్కి పోనివ్వవు. 13, 14 తరాల వాళ్లయితే పోనేకూడదు, అక్కడుంది పాత విషమే. ఈ నాలుగు ముక్కలు కంపెనీ వాడు ఆ ఒక్క లైను కింద రాయలేడా? పెట్టె మీద రంగు దీపాల ఘనత గురించి రాయడానికి మాత్రం చోటుందే!

ఆఖరికి సర్వీసు నంబరుకు ఫోన్ చేస్తారు. ఇరవై నిమిషాలు సంగీతం. తర్వాత ఓ పిల్లాడు.

“సార్, బయోస్‌లో ఏమైనా మార్చారా సార్?”

“వోల్టేజీ తగ్గించుకున్నా బాబూ, వేడి తట్టుకోలేక.”

“అలా తగ్గిస్తే ప్రమాదం సార్. అన్నీ డిఫాల్ట్‌లో పెట్టుకోండి సార్.”

“ఏ డిఫాల్ట్ నాయనా? 4,096 వాట్లదా?”

మళ్లీ సంగీతం.